క్యాబినెట్ నోటు అడిగితే 8(1)(ఐ) అని తిప్పి పంపారు, ఇప్పుడేం చెయ్యాలి?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు చెబుతాను. 1986 ఆగస్టు గోదావరి వరద తర్వాత ఏటిగట్టు ఎత్తు పెంచి వెడల్పు చేసినప్పుడు మీ తాతగారి కొబ్బరితోటలో 62 సెంట్లు గట్టులో కలిసిపోయింది. పరిహారం పక్క గ్రామంలో వాళ్లకి ఒక రేటున, మీ వాళ్లకి అంతకంటే తక్కువ రేటున వచ్చింది. ఎందుకని అడిగితే అప్పట్లో ఆఫీసులో "అది క్యాబినెట్‌లో తేలింది" అన్నారు. ఇన్నేళ్లకి మీరు సమాచార హక్కు చట్టం కింద ఆ క్యాబినెట్ నోటు కాపీ అడిగితే, సెక్షన్ 8(1)(ఐ) ప్రకారం ఇవ్వడానికి వీలుపడదని ఒకటిన్నర లైన్లలో జవాబు వచ్చింది. మీరు అడిగేవి రెండు. ఇరవై ఏళ్లు దాటిన సమాచారం ఇచ్చి తీరాలని చట్టంలోనే ఉంది కదా? వేరే దేశాల్లో పాత క్యాబినెట్ కాగితాలు జనం ముందు పెడుతుంటే మన దగ్గర ఎందుకు పెట్టరు?

నేను నీటిపారుదల శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, ముప్పై మూడేళ్లు డెల్టాలోనే తిరిగి, సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఇప్పుడు మా వీధి అరుగు మీద కూర్చుని ఇలాంటి దరఖాస్తులు, అప్పీళ్లు రాసిపెడుతుంటాను. ఫైలుకి అటువైపూ ఇటువైపూ కూర్చున్నవాణ్ని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. ఓపిగ్గా చదవండి.

మొదట మీ పొరపాటు ఒకటి సరిచెయ్యాలి. ఇరవై ఏళ్ల మాట సెక్షన్ 8(3)లో ఉంది. కానీ ఆ సెక్షన్ మూడు క్లాజుల్ని పక్కన పెట్టింది: దేశ భద్రతకి చెందిన 8(1)(ఎ), శాసనసభల హక్కులకి చెందిన 8(1)(సి), క్యాబినెట్ కాగితాలకి చెందిన 8(1)(ఐ). అంటే క్యాబినెట్ కాగితానికి ఇరవై కాదు, నలభై ఏళ్లు దాటినా ఆ సెక్షన్ కింద తలుపు తెరుచుకోదు. చాలామంది దరఖాస్తులో "20 సంవత్సరములు దాటినందున" అని మొదలుపెట్టి అక్కడే చిక్కుకుంటారు. మీరు అప్పీలులో ఆ వాదన ఎత్తకండి. ఎత్తితే అవతలి అధికారి ఆ ఒక్క పాయింటుకి జవాబు రాసి మిగతా అంతా వదిలేస్తాడు.

అధికారిది ఇంకా పెద్ద పొరపాటు. ఆయన 8(1)(ఐ)లో సగమే చదివాడు. మొదటి సగం చెప్పేది ఇది: మంత్రిమండలి కాగితాలు, మంత్రులూ కార్యదర్శులూ ఇతర అధికారులూ చేసిన చర్చల రికార్డులు ఇవ్వక్కర్లేదు. దాని కిందే ఒక మినహాయింపు ఉంది. మంత్రిమండలి తీసుకున్న నిర్ణయం, దానికి కారణాలు, ఏ ఆధారాల మీద నిర్ణయం తీసుకున్నారో ఆ ఆధారాలు, ఈ మూడూ నిర్ణయం అయిపోయి ఆ విషయం ముగిశాక బయటపెట్టాలి. పెట్టవచ్చు అని కాదు, పెట్టాలి అనే చట్టం చెబుతోంది. సెక్షన్ 8లో సమాచారం ఇవ్వక్కర్లేదని చెప్పే ఇంకే క్లాజు కిందికీ ఆ విషయం రాకూడదు, అంతే షరతు. మీ ఏటిగట్టు 1980లలోనే పూర్తయింది. దాని మీద ఇప్పుడు లారీలు నడుస్తున్నాయి. విషయం ముగియలేదని ఎవరూ అనలేరు. కాబట్టి మీకు ఇరవై ఏళ్ల రూలు అక్కర్లేదు. అంతకంటే మంచి దారి ఈ మినహాయింపులోనే ఉంది.

ఇది 2005లో సమాచార హక్కు చట్టంతో కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. రాజ్యాంగంలో 163(3) అధికరణం ప్రకారం మంత్రులు గవర్నరుకి ఏ సలహా ఇచ్చారో కోర్టులు విచారించకూడదు. కేంద్రంలో రాష్ట్రపతి విషయంలో అదే మాట 74(2) చెబుతుంది. ఈ అధికరణాల్ని చూపించి ప్రభుత్వాలు ఒకప్పుడు మొత్తం ఫైలునే దాచేవి. 1981లో ఎస్.పి. గుప్తా కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది: సలహా వేరు, ఆ సలహాకి ఆధారమైన కాగితాలు వేరు, ఆధారాలకి ఆ రక్షణ ఉండదు అని. అంతకుముందే 1975లో రాజ్ నారాయణ్ కేసులో, ప్రభుత్వం చేసే పనులు తెలుసుకునే హక్కు ప్రజలకి ఉందని అదే కోర్టు చెప్పింది. మినహాయింపులో కనిపించే "ఆధారాలు" అన్న మాట వెనక ఈ చరిత్ర ఉంది. అప్పీలులో ఎస్.పి. గుప్తా పేరు ఒక్కసారి రాయండి, చాలు. పేజీలకి పేజీలు తీర్పులు ఎత్తి రాస్తే చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

క్యాబినెట్ కాగితం అంటే ఏమిటో కొంచెం దగ్గరగా చూపిస్తాను, లేకపోతే ఏది అడగాలో తెలియదు. సచివాలయం ఫైలు తెరిస్తే రెండు భాగాలుంటాయి. ఒకటి నోట్ ఫైలు. సెక్షన్ ఆఫీసరు దగ్గర మొదలై కార్యదర్శి దాకా, మంత్రి దాకా పేరా నంబర్లు వేసుకుంటూ పోయే అభిప్రాయాలు అందులో ఉంటాయి. రెండోది కరెంటు ఫైలు. కింది ఆఫీసుల నుంచి వచ్చిన ఉత్తరాలు, ఎస్టిమేట్లు, మ్యాపులు, కలెక్టరు రిపోర్టు ఇందులోకి వస్తాయి. విషయం క్యాబినెట్‌కి వెళ్లాల్సినదైతే ఈ రెండింట్లోంచి సారం తీసి శాఖవాళ్లు ఒక మెమొరాండం తయారుచేస్తారు. మీరడిగిన క్యాబినెట్ నోటు ఇదే. జరిగిందేమిటి, ప్రతిపాదన ఏమిటి, ఖర్చెంత అని వరసగా రాసి, చివర మంత్రిమండలి తేల్చాల్సిన అంశం ఇదీ అని ఒక పేరా పెడతారు. క్యాబినెట్ ఒప్పుకుంటే ఒక తీర్మానం నంబరు పడుతుంది. తర్వాత శాఖ జీవో ఇస్తుంది. ఆ జీవో పైభాగంలో "ఈ కిందివి చదివి" అని ఉత్తరాల జాబితా ఒకటి ఉంటుంది. చాలా జీవోల్లో క్యాబినెట్ తీర్మానం నంబరూ తేదీ అక్కడే దొరుకుతాయి. ఆ లైను కోసం వెతకండి. ఏళ్ల తరబడి దొరకదన్న నంబరు, అందరూ చదివే జీవో మొదటి పేజీలో ఉండగా నేను చూశాను.

దీన్నిబట్టి ఏది అడిగితే వస్తుందో మీకే తెలుస్తుంది. కరెంటు ఫైల్లో ఉన్న రిపోర్టులు, లెక్కలు, మ్యాపులు "ఆధారాలు". వాటికి మీకు బలమైన హక్కుంది. తీర్మానం "నిర్ణయం", అదీ ఇవ్వాలి. క్యాబినెట్ గదిలో ఏ మంత్రి ఏమన్నాడో అది చర్చ. దాని కోసం పట్టుపడితే మిగతావి కూడా పోతాయి. నోట్ ఫైల్లో అధికారుల అభిప్రాయాలు మధ్యలో ఉన్నాయి, వాటి మీద వాదన నడుస్తుంది. అందుకే మొదటి దరఖాస్తులో వాటి జోలికి వెళ్లొద్దంటాను. "క్యాబినెట్ నోటు కాపీ ఇవ్వండి" అని మీరు రాసిన మాటే మీకు అడ్డం పడింది. ఆ మాట సరాసరి మొదటి సగంలోకి వెళ్లి పడింది.

ఇంకో సంగతి. మీ పరిహారం రేటు అసలు క్యాబినెట్‌కి వెళ్లిందా? నాకు గట్టి అనుమానం ఉంది. అప్పట్లో భూసేకరణ 1894 చట్టం కింద జరిగేది. 4(1) నోటిఫికేషను, 5ఎ కింద అభ్యంతరాల విచారణ, 6 కింద డిక్లరేషను, చివర సెక్షన్ 11 కింద భూసేకరణ అధికారి ఇచ్చే అవార్డు, అంటే పరిహారం తేల్చే ఉత్తర్వు. రేటు ఆ అవార్డులో తేలుతుంది, పక్క పొలాల అమ్మకాల రిజిస్ట్రేషను విలువలు చూసి. ఏవి మంత్రిమండలికి వెళ్లాలో 166(3) అధికరణం కింద చేసిన బిజినెస్ రూల్స్ చెబుతాయి. మొత్తం గట్ల పథకానికి డబ్బు మంజూరు చెయ్యడం క్యాబినెట్ దాకా వెళ్లి ఉండొచ్చు. మీ ఊరి సెంటు రేటు వెళ్లడం మాత్రం అరుదు. ఆఫీసుల్లో "క్యాబినెట్‌లో ఉందండి" అన్న మాట వినగానే రైతు గొడుగు తీసుకుని ఇంటికి వెళ్లిపోయేవాడు. ఆ మాట అనడం సులువు, పైకెళ్లి అడిగేవాడు ఉండడు. నేనూ ఒకప్పుడు కుర్చీలో కూర్చుని పై అధికారి చెప్పమన్నట్టు అదే మాట చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

కాబట్టి మీకొచ్చిన తిరస్కరణ ఉత్తరం మీకే పనికొస్తుంది. 8(1)(ఐ) అన్నారంటే, అలాంటి క్యాబినెట్ కాగితం ఉందని వాళ్లే ఒప్పుకున్నట్టు. అప్పీలులో ఇలా అడగండి: "ఏ తీర్మానాన్ని దృష్టిలో పెట్టుకుని 8(1)(ఐ) వాడారో దాని నంబరు, తేదీ తెలపండి." నంబరు చెబితే మీకు దారి దొరికింది. చెప్పలేకపోతే ఫైలు చూడకుండానే జవాబు రాశారని తేలిపోయింది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 19(5) ప్రకారం తిరస్కరణ సరైనదని నిరూపించుకునే బాధ్యత సమాచార అధికారిది, మీది కాదు. 7(8) ప్రకారం కారణాలు, అప్పీలు గడువు, అప్పీలు అధికారి వివరాలు ఉత్తరంలో ఉండాలి. ఒకటిన్నర లైన్లలో అవేమీ పట్టవు.

మీ రెండో ప్రశ్నకి వస్తాను. మంత్రులు ప్రమాణం చేసేటప్పుడు రెండు చేస్తారు. ఒకటి పదవికి, రెండోది గోప్యతకి. క్యాబినెట్ చర్చ గుట్టుగా ఉంచడానికి కారణం ఉంది. 164(2) అధికరణం ప్రకారం మంత్రిమండలి మొత్తం శాసనసభకి ఉమ్మడిగా జవాబుదారీ. లోపల ఒక మంత్రి గట్టిగా వ్యతిరేకించినా బయటికొచ్చాక ఆ నిర్ణయం ఆయనది కూడా. తన మాట రేపు పేపర్లో వస్తుందంటే లోపల ఎవరూ మనసు విప్పి మాట్లాడరు. ఇది నేను ఒప్పుకుంటాను. ఒక ఏడాదికి, అయిదేళ్లకి, ఆ మంత్రులు రాజకీయాల్లో ఉన్నంత కాలం కూడా ఒప్పుకుంటాను. నలభై ఏళ్ల తర్వాత, ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో చాలామంది ఈ లోకంలో లేనప్పుడు ఎవర్ని కాపాడుతోంది ఈ గోప్యత?

బ్రిటన్‌లో ప్రభుత్వ కాగితాలు జనం ముందు పెట్టే గడువు 1958 చట్టంతో యాభై ఏళ్లు, 1967లో మార్చి ముప్పై ఏళ్లు, 2010 చట్టంతో ఇరవై ఏళ్లకి దిగారు. ఆస్ట్రేలియాలో ప్రతి జనవరి 1న నేషనల్ ఆర్కైవ్స్ (పాత ప్రభుత్వ రికార్డులు భద్రపరిచే సంస్థ) వాళ్లు ఇరవై ఏళ్ల కిందటి క్యాబినెట్ కాగితాలు విడుదల చేస్తారు. న్యూజిలాండ్‌లో 2019 నుంచి నిర్ణయమైన ముప్పై పనిదినాల్లోనే క్యాబినెట్ పత్రాలు ప్రభుత్వం తనంతట తానే పెట్టడం మొదలుపెట్టింది, ఆపాల్సిన కారణం ఉన్నవి తప్ప.

ఆస్ట్రేలియా నుంచి ఒక్క ఉదాహరణ మాత్రం కొంచెం ఆగి చెబుతాను. 2024 జనవరి 1న 2003 నాటి కాగితాలు బయటికి రావాలి. ఇరాక్ యుద్ధం ఏడాది అది. చూస్తే ఆ యుద్ధానికి సంబంధించిన కొన్ని పత్రాలు అసలు ఆర్కైవ్స్‌కి చేరనే లేదని తెలిసింది. గొడవైంది, వెతికారు, తర్వాత అప్పగించారు. పోయిన కాగితం పోయిందని వాళ్లకి తెలిసింది ఎందుకు? ఏ ఏడాదివి ఏ రోజున రావాలో ముందే అనుకుని ఉన్నారు కాబట్టి. మన దగ్గర ఏది ఉందో జాబితా లేదు. అందువల్ల ఏది పోయిందో కూడా తెలియదు. నా మనసులో అసలు బాధ ఇది. రహస్యం అని దాచినది ఏనాటికైనా బయటపడొచ్చు. జాబితాలో లేనిది ఎవరూ అడగలేరు.

కేంద్రంలో 1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టం ఉంది, ఇరవై అయిదేళ్లు దాటిన రికార్డులు నేషనల్ ఆర్కైవ్స్‌కి చేరాలి. అయినా 1962, 1965, 1971 యుద్ధాల రికార్డులు, హరిత విప్లవం నాటివి తమ దగ్గర లేవని 2022 చివర్లో ఆ సంస్థ డైరెక్టర్ జనరలే చెప్పారు. ఆ చట్టం కేంద్ర ప్రభుత్వానికి, కేంద్రపాలిత ప్రాంతాలకి వర్తిస్తుంది. మన రాష్ట్ర సచివాలయం ఫైళ్లకి అది అంటదు. ఇవ్వాలనుకుంటే ఏ ప్రభుత్వమైనా ఇవ్వగలదు. 2016 జనవరి 23న నేతాజీ ఫైళ్లు వంద ఒకేసారి బయటపెట్టారు, దశాబ్దాల పాటు కుదరదన్నవే.

ఇప్పుడు మీ కాగితం ఎక్కడుందో చూద్దాం. డెల్టావాళ్లకి ఇది అందరికంటే కష్టం. మన ఊళ్లు కదల్లేదు కానీ మన రాజధాని, మన జిల్లా ఎన్నిసార్లు మారాయో చూడండి. 1953 సెప్టెంబరు దాకా మద్రాసు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి మూడేళ్లు కర్నూలు. 1956 నవంబరు 1 నుంచి హైదరాబాదు. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది, 2016లో సచివాలయం వెలగపూడికి వచ్చింది. మార్పు జరిగిన ప్రతిసారీ ఫైళ్లు లారీ ఎక్కాయి. జిల్లా సంగతీ అంతే. 1859లో గోదావరి జిల్లా, 1925లో తూర్పు, పశ్చిమ గోదావరులు, 2022 ఏప్రిల్ 4 నుంచి కోనసీమ, కాకినాడ, రాజమహేంద్రవరం కేంద్రంగా తూర్పు గోదావరి, భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరి, ఏలూరు. మీ తాతగారి భూమి పోయినప్పుడు కలెక్టరాఫీసు కాకినాడలో ఉంది. ఇప్పుడు మీ కలెక్టరాఫీసు అమలాపురంలో ఉంది. అమలాపురంలో అడిగితే "మా దగ్గర లేదు" అంటే అది అబద్ధం కాకపోవచ్చు. అలాంటప్పుడు సెక్షన్ 6(3) ప్రకారం అయిదు రోజుల్లో సంబంధిత ఆఫీసుకి దరఖాస్తు వాళ్లే పంపాలి. "మీరే అక్కడ అడుక్కోండి" అనడం కుదరదు.

ఒక విషయం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. 1830లలో కరువు తర్వాత రాజమండ్రి జిల్లా ఎందుకు చితికిపోయిందో హెన్రీ మాంట్‌గొమరీ 1844లో రాసిన రిపోర్టు, ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాలని కాటన్ దొర రాసిన ప్రతిపాదనలు, 1847లో మొదలై 1852లో పూర్తయ్యేదాకా నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు, ఇవన్నీ ఇప్పుడు చరిత్ర రాసేవాళ్లు చదువుకుంటున్నారు. మద్రాసు ప్రభుత్వం రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కాటన్‌తో ఎవరు వాదించారో, ఎంత ఖర్చు వద్దన్నారో తెలుస్తుంది. పరాయి ప్రభుత్వం మన నది గురించి లోపల ఏమనుకుందో మనకి తెలుసు. మనం ఓటేసిన ప్రభుత్వం 1986 వరద తర్వాత మన గట్టు గురించి ఏమనుకుందో మనకి తెలియదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైన దాటిన ఆ వరద ఇప్పటికీ మన గట్లకి కొలబద్ద. ఆ తర్వాత ఏ గట్టు ఎంత పెంచాలి, ఏ లంకని వదిలెయ్యాలి అన్నది ఎలా నిర్ణయించారో తెలుసుకోవడం చరిత్ర మీద సరదా కాదు. మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు దాటినప్పుడల్లా ఆ నిర్ణయాల కిందే పడుకుని లేస్తున్నాం.

కింది ఆఫీసుల రికార్డు రూముల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ పని అక్కడే అవుతుందని నా నమ్మకం. ఫైలు ముగిశాక దాని మీద ఒక గుర్తు వేస్తారు. ఆర్.డిస్ అంటే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్ అంటే పదేళ్లకి తీసెయ్యొచ్చు. ఎల్.డిస్ అంటే ఏడాదికే. భూమికి సంబంధించిన అవార్డు ఫైలు శాశ్వతంగా ఉంచాల్సిన రకం. గుమాస్తా పొరపాటున తప్పు గుర్తు వేస్తే ఆ ఫైలుకి ఆయుష్షు అక్కడే తీరిపోతుంది.

1996 నవంబరు 6 తుపాను రాత్రి నేను పనిచేస్తున్న ఆఫీసు రికార్డు రూము మీద రేకులు లేచిపోయాయి. మూడో రోజుకి దారి దొరికి వెళ్లాం. ఎర్రగుడ్డలో కట్టిన కట్టలు నీళ్లు తాగి రెండింతలు ఉబ్బి ఉన్నాయి. గుడ్డ రంగు కాగితాల్లోకి దిగి అంచులన్నీ గులాబీ రంగు. ఇంకు పాకిపోయింది కానీ టైపు చేసిన అక్షరాలు నిలిచాయి. కార్బన్ కాపీలు అసలు కంటే బాగా ఉన్నాయి. నలుగురం వరండాలో ఇసుక పోసి, దాని మీద తాటాకులు పరిచి ఒక్కో కాగితం ఎండబెట్టాం. కొంత దక్కింది. అప్పుడు ఒక జాబితా రాద్దామని నేనంటే, పై నుంచి ఆర్డరు లేదని ఆపేశారు. ఏవి దక్కాయో, ఏవి పోయాయో రాసిపెట్టిన కాగితం ఆ ఆఫీసులో ఇవాళ్టికీ లేదు. అందుకే "తుపానులో పోయింది" అని ఎవరైనా అంటే నేను నమ్మను, కాదనను. ఒకటే అడగమంటాను: పోయినట్టు రికార్డు చేసిన కాగితం కాపీ ఇవ్వండి అని. సెక్షన్ 4(1)(ఎ) ప్రకారం ప్రతి ఆఫీసూ తన రికార్డులకి జాబితా, ఇండెక్సు తయారుచేసి ఉంచాలి. ఆ జాబితా కాపీ అడగడం మీ హక్కు.

మీ తర్వాతి దరఖాస్తు ఇలా రాయండి. జలవనరుల శాఖ, సచివాలయం, వెలగపూడి సమాచార అధికారికి. "1986 గోదావరి వరద అనంతరం ఫలానా గ్రామం వద్ద ఏటిగట్టు పటిష్ఠపరిచే పనులకు, వాటికి సేకరించిన భూముల పరిహారానికి సంబంధించి మంత్రిమండలి నిర్ణయం ఏదైనా ఉంటే ఆ తీర్మానం నంబరు, తేదీ, నిర్ణయం ప్రతి, అందులో చూపిన కారణాలు, నిర్ణయానికి ఆధారంగా వాడిన నివేదికలు, అంచనాలు, మ్యాపుల ప్రతులు, దాని మీద వెలువడిన జీవోల ప్రతులు ఇప్పించగలరు. మంత్రుల మధ్య జరిగిన చర్చ వివరాలు నేను కోరడం లేదు. నిర్ణయం అమలై విషయం ముగిసినందున 8(1)(ఐ) మినహాయింపు కింద వీటిని బయటపెట్టాలి. ఏ భాగమైనా ఇవ్వలేనిదైతే సెక్షన్ 10 ప్రకారం ఆ భాగం తీసి మిగతాది ఇవ్వగలరు." పది రూపాయల ఫీజు జత చెయ్యండి. ఇదే కాగితాన్ని సాధారణ పరిపాలన శాఖలో క్యాబినెట్ వ్యవహారాలు చూసే విభాగానికి ఇంకొకటి పంపండి. వాళ్ల దగ్గర తీర్మానాల రికార్డు ఉంటుంది.

గడువులు మీకు తెలిసే ఉంటాయి. ముప్పై రోజుల్లో జవాబు, రాకపోతే లేదా నచ్చకపోతే ఇంకో ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత తొంభై రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. తప్పు తేలితే అధికారికి రోజుకి 250 చొప్పున 25,000 దాకా జరిమానా ఉంది కానీ, దాని మీద ఆశ పెట్టుకోకండి. మనకి కావాల్సింది కాగితం. ఇప్పటి తిరస్కరణకి ముప్పై రోజులు దాటకపోతే, కొత్త దరఖాస్తుతో పాటు దాని మీద అప్పీలు కూడా వెయ్యండి.

ఈ రెండూ నడుస్తుండగానే పక్క దారులు వెతకాలి. నేనైతే అసలు వీటితోనే మొదలుపెడతాను. 4(1) నోటిఫికేషను, 6 డిక్లరేషను గెజిట్‌లో అచ్చయి ఉంటాయి. గెజిట్ రహస్యం కాదు. 1984 సవరణ తర్వాత రెండు దినపత్రికల్లో కూడా వెయ్యాలి. కాబట్టి 1987, 88 నాటి పాత పేపర్ల ఫైళ్లు పెద్ద గ్రంథాలయాల్లో తిరగేస్తే దొరకొచ్చు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో ఒక పూట కూర్చోండి. శాసనసభ చర్చలు అచ్చువేసి ఉంటాయి, వరద మీద, గట్ల మీద మంత్రి సభలో చెప్పిన జవాబుకి ఏ రహస్యమూ అంటదు. నిర్ణయానికి కారణం చాలాసార్లు సభలో ఎవరో ఎమ్మెల్యే అడిగిన ప్రశ్నకి జవాబులో దొరుకుతుంది. అప్పటి గట్టు పనుల ఎస్టిమేట్లు ధవళేశ్వరంలోని ఇంజనీరింగ్ ఆఫీసుల్లో అడగండి. అక్కడ కాపీలు అడిగే ముందు సెక్షన్ 2(జె) కింద ఫైలు తనిఖీ కోరండి. మొదటి గంటకి ఫీజు ఉండదు. ఫైలు కళ్లతో చూసినవాడు అడిగే ప్రశ్న వేరేగా ఉంటుంది.

కమిటీ రిపోర్టుల గురించి ఒక మాట. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. అలాంటి రిపోర్టులు అడిగినప్పుడు "క్యాబినెట్ ముందు పెట్టాలి" అన్న జవాబు వస్తుంటుంది. క్యాబినెట్ ముందు పెట్టబోతున్నంత మాత్రాన ఒక రిపోర్టు రహస్యమైపోదు. నిర్ణయం అయ్యాక అది "ఆధారం" అవుతుంది, ఇచ్చి తీరాలి. విచారణ కమిషన్ల చట్టం కింద వేసిన కమిషన్ అయితే, రిపోర్టు అందిన ఆరు నెలల్లో సభ ముందు పెట్టాలి.

కొత్త కాగితాల విషయంలోనూ జాగ్రత్తగా ఉండాలి. మన రాష్ట్రంలో జీవోలు ఆన్‌లైన్‌లో పెట్టడం 2021 ఆగస్టులో ఆపేశారు, 2024లో మళ్లీ మొదలుపెట్టారు. మీ ఊరికి సంబంధించిన ఏ జీవో అయినా కనబడగానే ప్రింటు తీసి ఇంట్లో పెట్టుకోండి. ఇవాళ ఒక్క నొక్కుతో వచ్చేది రేపు ఉంటుందని భరోసా లేదు. మీ మనవలకి అదే రికార్డు రూము.

బాబూ, చివరగా ఒక పని. మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టెలో తాతగారి భూసేకరణ నోటీసు ఉందని రాశారు. దాన్ని జాగ్రత్తగా తీసి వెనక్కి తిప్పి చూడండి. ముందువైపు ఎడమ మూల టైపు చేసిన నంబరు ఒకటి ఉంటుంది. అది ఆ ఆఫీసు ఫైలు నంబరు. వెనకవైపు ఒక్కోసారి పెన్సిలుతో గుమాస్తా రాసుకున్న అవార్డు నంబరు, ఏడాది ఉంటాయి. పెన్సిలు గీత చెరిగినట్టుంటే కిటికీ దగ్గర వెలుతురుకి ఏటవాలుగా పట్టుకోండి, ఒత్తిడికి పడిన గుంట కనబడుతుంది. ఆ రెండు నంబర్లు దొరికితే నాకు రాయండి. దరఖాస్తు మొదటి లైను వాటితోనే మొదలుపెడదాం.